ఆరో జేబు

సంచీలో ముందు మందులు పెట్టాను. తర్వాత కళ్ళజోడు, రెండు జతల బట్టలు, దువ్వెన, చలికోటు. కోటు బయటికి తీశాను, మళ్ళీ పెట్టాను. ఎన్నాళ్ళకని వెళ్తున్నానో నాకే తెలియనప్పుడు కోటు కావాలో వద్దో ఎవరిని అడగను? ప్రయాణమంటే చిన్నప్పటినుంచీ నాకు కాళ్ళు చల్లబడతాయి. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా వాళ్ళ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడినంతసేపూ తలుపు మూయను. ఈసారి వెళ్ళేది నేను. వెనక తలుపు ఎవరు మూస్తారు, మూసేముందు ఎంతసేపు నిలబడతారు అన్న దిగులు కొత్తగా పట్టుకుంది.

ఈ సంచీ దాకా ఎలా వచ్చానో మరిచిపోయినవాళ్ళ కోసం, అసలు తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను.

మా ఆయన గడియారాలు బాగుచేసేవారు. అంతకుముందు, మా పెళ్ళయిన కొత్తలో, విమానాశ్రయంలో మెకానిక్కు. పదేళ్ళుగా ఆయనకి ఒకటే పిచ్చి. పరాయి దేశాల షాపుల నుంచి విమానం బొమ్మల కిట్లు తెప్పించుకుంటారు. ముక్కలు ముక్కలుగా వస్తాయి, జిగురుతో అతికించి మనమే కట్టుకోవాలి. అవన్నీ కూడా ఒకే విమానం, రెండింజన్ల పాత సరుకుల విమానం. ఏ దేశంలో ఏ కంపెనీ దాన్ని కొత్తగా విడుదల చేస్తున్నామని ప్రకటించినా ఆ వారంలోనే ఆర్డరు పెట్టేస్తారు. పెట్టె వస్తుంది. విప్పి, భూతద్దం పెట్టి గంటసేపు చూసి, మూసి బీరువా మీద పెట్టేస్తారు. ఒక్కటీ కట్టలేదు. "మన ఇంట్లో పదకొండు విమానాలున్నాయి, ఒక్కదానికీ రెక్కల్లేవు" అని నేను నవ్వేదాన్ని.

పోయిన గురువారం కత్తెర కోసం సొరుగు వెతుకుతుంటే ఆయన నోటు పుస్తకం దొరికింది. పరాయి షాపులకి రాసే ఉత్తరాలు ముందు మన భాషలో అందులో రాసుకుని, తర్వాత కంప్యూటర్లో వాళ్ళ భాషలోకి మార్చి పంపుతారు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మందుల సీసాల మీది కాగితాలూ, బస్సుల బోర్డులూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే నా కంట పడిన అక్షరాన్ని చదవకుండా వదలలేను. ఆ పేజీలో ఇలా ఉంది:

"అయ్యా, మీరు కొత్తగా అమ్ముతున్న పెట్టెలో పొట్టి తోక విమానానికి తాళం పిన్నులు ఎన్ని ఇచ్చారో చూసి చెప్పగలరా? ముప్పై రెండేళ్ళ క్రితం అలాంటి విమానానికి నేను ఒక పిన్ను తీయడం మరిచిపోయాను. అందులో నా భార్య తమ్ముడు ఉన్నాడు."

మా తమ్ముడు ఎక్కిన విమానం తిరిగిరాని ఆ రోజు తను వేరే షెడ్డులో పని చేశానని నాకు చెప్పిన మనిషి ఈయన. ముప్పై రెండేళ్ళుగా అదే నమ్ముతూ వచ్చాను. అడిగితే, నిజమేనని తల వంచుకున్నారు. అక్కకి ఫోను చేసి చెప్పి, మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు, ఇదిగో, సంచీ.

"అయిందా?" అంటూ అక్క గదిలోకి వచ్చింది. మా అక్కది బట్టలు కుట్టే పని. ఒంటరి మనిషి. ఎక్కడికెళ్ళినా మెడ దగ్గర గుడ్డకి దారం ఎక్కించిన సూది గుచ్చుకునే ఉంటుంది. "ఆ కోటెందుకే? నా ఇంట్లో దుప్పట్లు లేవనుకున్నావా? పద, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోదాం."

"పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టలేదు."

"దారిలో కొందాం. నువ్విలా ఒక్కోటీ వెతుక్కుంటూ ఉంటే బస్సు వెళ్ళిపోతుంది, నువ్విక్కడే ఉండిపోతావు. నాకు తెలుసు నీ సంగతి."

ముందు గదిలో ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఎప్పుడూ వట్టి కాళ్ళతో తిరిగే మనిషి చెప్పులు వేసుకుని కూర్చున్నారు. నేను చూడటం చూసి, "సంచీ కింది దాకా నేను తెస్తాను. మెట్లు నిలువుగా ఉంటాయి కదా" అన్నారు.

"అక్కర్లేదు. చేతులున్నాయి మాకు" అంది అక్క.

అప్పుడే గంట మోగింది. నేను కదల్లేదు, ఆయనా కదల్లేదు. అక్కే వెళ్ళి తలుపు తీసింది. పోస్టామె ఏదో అనడం, అక్క సంతకం పెట్టడం వినబడ్డాయి. చంకలో ఒక వెడల్పాటి పెట్టెతో తిరిగొచ్చి బల్ల మీద పడేసింది.

"ఇదిగో. పన్నెండోది. చెల్లెలు ఇల్లొదిలి పోతున్న రోజున కూడా మరిదిగారికి విమానం దిగింది."

ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. ఆ నోటు పుస్తకంలో రాసుకున్న పెట్టె అదే. విడుదలై నెల కాలేదు. ముగ్గురు షాపువాళ్ళకి రాశారట. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు, పైన ప్లాస్టిక్ కాగితం చింపితే ఇక అది కొత్త పెట్టె కింద లెక్కకి రాదు, క్షమించండి అన్నారు. మూడో ఆయన నుంచి మాత్రం ఈ పెట్టె వచ్చింది, మీద చిన్న చీటీ అంటించి. ఆ చీటీని మా ఆయన కంప్యూటర్లో మన భాషలోకి మార్చుకుని చదివి చెప్పారు: "నేను విప్పలేదు. ఇది మీరే విప్పి చూడాల్సిన సంగతి అనిపించింది. అన్నిటికంటే త్వరగా చేరే పోస్టులో పంపుతున్నాను."

"విప్పండి మరి" అంది అక్క.

ఆయన విప్పలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"వదినా, ముందు నేనొక మాట చెప్పాలి. మొన్న సగమే చెప్పాను."

"ముప్పై రెండేళ్ళు పట్టింది సగం చెప్పడానికి. మిగతా సగం ఎప్పటికి?"

"అక్కా, చెప్పనీ" అన్నాను. నాలుగు రోజుల్లో ఆయన తరఫున నేనన్న మొదటి మాట అదే.

ఆయన నా వైపు చూసి, బల్ల వైపు తిరిగి చెప్పారు. విమానం నేల మీద ఉన్నప్పుడు గాలికి తోకా రెక్కలూ ఊగిపోకుండా, చక్రాల కాళ్ళు మడతపడకుండా కొన్ని చోట్ల పిన్నులు గుచ్చుతారట. ఒక్కోదానికీ ఎర్ర గుడ్డ పట్టీ ఉంటుంది, దూరం నుంచి కనబడాలని. ఎగిరేముందు మెకానిక్కు అన్నీ పీకి గుడ్డసంచీలో పెట్టుకోవాలి. ఒక్కో పిన్నుకీ ఒక్కో జేబు. ఆ విమానాల్లోనే రెండు రకాలు, పొడుగు తోకవీ పొట్టి తోకవీ. ఆయన పనిచేసేది పొడుగు తోక విమానాల షెడ్డులో. ఆ వారం పొట్టి తోక షెడ్డులో మనుషులు తక్కువైతే అప్పుగా పంపారు. ఆ రోజు ఉదయం చిన్నోడు ఎక్కిన విమానానికి పిన్నులు పీకింది ఈయనే. చిన్నోడంటే మా తమ్ముడు. విమానంలో సరుకు చూసుకునే పని వాడిది.

"సాయంత్రం నాలుగింటికి విమానం జాడ లేదన్నారు" అన్నారు ఆయన. "నేను పరిగెత్తుకెళ్ళి సంచీ తీసి చూశాను. ఆరు జేబులు. ఐదు పిన్నులు. తోక పిన్నులవి రెండు జేబులు, అందులో ఒకటి ఖాళీ."

"విమానం నడిపేవాళ్ళు చూసుకోరా?" అన్నాను నేను.

"చూసుకుంటారు. తోక అటూ ఇటూ కదిపి చూసి గాని కదలరు. రోజూ చూసేవాళ్ళు ఆ ఒక్క రోజు చూడకపోతే? విచారణలో అడిగారు, పిన్నులన్నీ తీశావా అని. తీశానన్నాను. విమానమే దొరకలేదు, సముద్రంలో ఎక్కడో పడిపోయింది. ఇక నా మాట కాదనేవాడెవడు? నీకు వేరే షెడ్డులో ఉన్నానని చెప్పాను. రెండు నెలలకి ఆ ఉద్యోగం మానేశాను."

"ఎవర్నైనా అడగలేకపోయారా, ఆ రకానికి అసలు ఎన్ని పిన్నులని?" అన్నాను.

"అడిగితే ఎందుకడుగుతున్నావంటారు కదా. ముందు ఐదో ఆరో అని అనుమానం కూడా లేదు నాకు. సంచీకి ఆరు జేబులుంటే ఆరు పిన్నులే కదా అనుకున్నాను. పదేళ్ళ కిందట ఎవరో ఈ బొమ్మ కొత్తగా వదిలారని పేపర్లో చూసినప్పుడు మొదటిసారి బుర్రలో తొలిచింది. తెప్పించి చూశాను. నాసిరకం, తోకలో గీత కూడా సరిగా లేదు. తర్వాత వచ్చినవన్నీ పొడుగు తోకవి. రెండు రకాలూ, పిన్నులతో సహా, ఒకే పెట్టెలో ఇస్తున్నామని చెప్పింది వీళ్ళొక్కళ్ళే."

"ఇన్నేళ్ళు దీని పక్కన కూర్చుని అన్నం తిన్నారు మీరు" అంది అక్క. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"తిన్నాను."

నేను లేచాను. సంచీ వైపు వెళ్ళబోయి బల్ల వైపు వెళ్ళాను. ఎందుకలా చేశానని తర్వాత అక్క అడిగితే చెప్పలేకపోయాను. అంత దగ్గర్లో నేను చదవని కాగితం ఒకటి ఉండగా, దాన్ని వదిలి బస్సెక్కడం నా వల్ల కాలేదేమో. కత్తెర తీసుకుని పెట్టె మీది ప్లాస్టిక్ కోశాను.

మూత తీయగానే కొత్త బకెట్టు వాసన వేసింది. బూడిదరంగు చట్రాలు, వాటికి వేలాడుతూ వందల ముక్కలు, ఒక్కో ముక్క పక్కన ఒక్కో అంకె. కిటికీల అద్దాలు విడిగా చిన్న కవర్లో ఉన్నాయి. అడుగున మడతపెట్టిన పుస్తకం. అందులో భాష నాకు రాదు, కానీ అన్నీ బొమ్మలూ బాణాలే. ఈ ముక్క పట్టుకెళ్ళి ఆ ముక్కకి అతికించమని బాణం చెబుతుంది. మొదటి పేజీ నుంచీ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను.

"ఏమే, వెనక నుంచి చూడకూడదూ?" అంది అక్క.

"నాకు వరసగానే వచ్చు."

ఆయన కుర్చీని గోడ వైపు తిప్పుకున్నారు.

ముప్పై ఆరో బొమ్మ దగ్గర ఆగాను. నేల మీద నిలబెట్టిన రెండు విమానాలు, ఒకదాని కింద ఒకటి. పైదానిది పొట్టి తోక. ఎర్ర పట్టీలు చిన్న చిన్న నాలుకల్లా వేలాడుతున్నాయి. చక్రాల కాళ్ళకి రెండు. రెక్కలకి రెండు. తోకకి ఒకటి.

మళ్ళీ లెక్కపెట్టాను. కళ్ళజోడు సంచీలో ఉందని గుర్తొచ్చి, వెళ్ళి తెచ్చుకుని మూడోసారి లెక్కపెట్టాను. కింది విమానానికి తోక దగ్గర రెండు పట్టీలున్నాయి. పై విమానంలో అదే చోట ఆ రెండో పిన్ను బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా కొట్టేశారు. ఇది ఇక్కడ వాడొద్దు అని.

అక్క పుస్తకం లాక్కుంది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. "ఐదు" అంది. వెంటనే, "బొమ్మల పెట్టె చెబితే నమ్మాలా? పిల్లలాడుకునే సామాను" అంది.

గోడ వైపు నుంచి ఆయన, "తోక ముక్కలు చూడండి" అన్నారు. "రెండు తోకలుంటాయి. నా వల్ల కాదు, మీరే చూడండి."

చట్రాలన్నీ తిరగేసి రెండు తోకలూ పట్టుకున్నాం. అక్క మెడ దగ్గరి సూది తీసింది. దారం వేళ్ళకి చుట్టుకుని, పొడుగు తోక మీద సూదిమొన జార్చుకుంటూ వెళ్ళింది. ఒకచోట టక్కుమని ఆగి లోపలికి దిగింది. కాస్త కిందికి జరిపితే ఇంకోచోట దిగింది. పొట్టి తోక తీసుకుంది. పైచోట దిగింది. కిందికి జరిపింది. నున్నగా జారిపోయింది. వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ జరిపింది. జారిపోయింది. నలభై ఏళ్ళుగా గుడ్డ మీద ఒక్క పోగు తప్పినా పట్టేసే వేళ్ళు మా అక్కవి. వాటికి అక్కడ రంధ్రం దొరకలేదు.

"మరిదిగారూ" అంది. "ఇటు తిరగండి."

ఆయన తిరిగారు. అక్క ఆ ముక్కని ఆయన అరచేతిలో పెట్టి, ఆయన బొటనవేలు పట్టుకుని ఆ చోటు మీద ఆనించింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. వేలితో అక్కడే అటూ ఇటూ రుద్దారు.

"తుడిచాను" అన్నారు.

"ఏంటి?"

"ఆ రోజు పొద్దున తోక మీద మంచు పట్టింది. నిచ్చెన మీద నిలబడి పిన్ను పీకి, చేత్తో కిందిదాకా తుడిచాను. నున్నగా ఉంది. ఏమీ తగల్లేదు చేతికి. మా షెడ్డులో విమానాలకైతే ఇక్కడ అంచు గీసుకునేది, రెండుసార్లు నా చెయ్యి తెగింది కూడా." కళ్ళు తెరిచారు. "ఇక్కడ రంధ్రమే లేదు. లేని చోట పిన్నెలా ఉంటుంది?"

"మరి ఆరో జేబు?"

"స్టోరువాళ్ళు సంచులన్నీ ఒకే కొలతకి కుట్టించి ఉంటారు. అన్ని షెడ్లకీ అవే."

అక్క నుదురు కొట్టుకుంది. "జేబులు లెక్కపెట్టారా మీరు? పిన్నులు కాకుండా జేబులా? అయ్యో మనిషీ! నేను చొక్కాకి మూడు జేబులు కుడితే మూడింట్లోనూ డబ్బులుంటాయా? జనం ఒకదాన్లో దువ్వెన పెట్టుకుంటారు, ఇంకోదాన్లో ఏమీ పెట్టుకోరు. ఖాళీ జేబు చూసి ఉరేసుకుంటారా ఎవరైనా?"

నాకు నవ్వొచ్చింది. రాకూడని సమయంలో వచ్చింది, ఆపుకుంటే ఎక్కువైంది. అక్క కూడా నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళు తుడుచుకుంటూనే. ఆయన మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. వంగి, ఒకటి తర్వాత ఒకటి చెప్పులు విప్పారు. వాటిని గోడవారగా జరిపి, వట్టి పాదాలు నేల మీద ఆనించి, చల్లగా ఉందన్నారు. ఆ మాట అన్న తీరు చూస్తే ఇన్నేళ్ళుగా ఆయనకి నేల తగల్లేదేమో అనిపించింది.

నేను టీ పెట్టాను. మూడు కప్పుల నీళ్ళు పోయడానికి బదులు ఆరు పోశాను, అంత తెలియని స్థితిలో ఉన్నాను. చిన్నోడు పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. కానీ నా ఇంట్లో, నా కంచం పక్క కంచం ముందు నుంచి ఎవరో లేచి వెళ్ళిపోయారు. మూడు రోజులుగా ఆయన ముఖంలో నేను చూస్తున్న ఆ పరాయి మనిషి.

టీ ఇచ్చాక ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"పిన్ను సంగతి తేలింది. అబద్ధం సంగతి అలాగే ఉంది" అన్నాను.

"ఉంది."

"వేరే షెడ్డులో ఉన్నానన్నారు. ఏటా ఆ రోజు నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని నీళ్ళిచ్చారు."

"ఇచ్చాను. ఏం శిక్ష వేస్తావో వెయ్యి."

ఆలోచించాను. "ఆ పెట్టె మూసి బీరువా మీద పెట్టడానికి వీల్లేదు. కట్టండి. మొత్తం. పొట్టి తోకదే."

"రెక్కలతో సహా" అంది అక్క.

"నా చేతులు వణుకుతాయి" అన్నారాయన.

"నేను చదివి చెబుతాను. వరసగా. మీరు అతికించండి."

ఆయన తల ఊపారు. చట్రంలోంచి మొదటి ముక్క తుంచడానికి గోళ్ళు కత్తిరించుకునేది తెచ్చుకున్నారు. నేను లోపలికెళ్ళి సంచీలోంచి మందులు తీసి అలమారలో పెట్టాను, బట్టలు మడతలు విప్పకుండా సర్దేశాను. కోటు కొక్కేనికి తగిలించాను. ఒక్కో వస్తువూ దాని చోటికి చేరుతుంటే, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. నేను గడప కూడా దాటలేదు, అయినా తిరిగొచ్చినట్టే ఉంది.

ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన ఒకటో బొమ్మ దగ్గర రెండు ముక్కలు అతికించి, ఊపిరి బిగబట్టి పట్టుకుని ఉన్నారు. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. టీ ముట్టలేదు.

"అక్కా, బస్సు టైమైపోయిందని కోపమా? రేపు వెళ్దువులే. ఈ పూట ఇక్కడే ఉండు."

"మొన్న నువ్వు ఫోన్లో ఇతని సంగతి చెప్పావు చూడు" అంది అక్క, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "నీకు ఏమని జవాబిచ్చాను?"

"తిట్టావు. పెట్టె సర్దుకుని వచ్చేయమన్నావు."

"తిట్టాను. ఫోను పెట్టేశాక వెళ్ళి పడుకున్నాను. తెల్లారేదాకా కదలకుండా పడుకున్నాను, చెల్లీ. ముప్పై రెండేళ్ళలో అలా కంటినిండా నిద్రపోవడం అదే మొదటిసారి. ఎందుకో తెలుసా?"

ఆయన చేతిలోని ముక్కలు విడిపోయాయి. మళ్ళీ అతికించలేదు.

"ఇతని తప్పని తేలింది కదా, ఇక నాది కాదులే అనుకున్నాను" అంది అక్క. "ఇప్పుడు ఇతనిదీ కాదని నా సూదితో నేనే తేల్చాను."

"నీదేంటక్కా? విమానాలతో నీకేం పని?"

అక్క ఇటు తిరిగింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తప్పు చేసి గుమ్మం దగ్గర దొరికిన పిల్లలా ఉంది.

"ఆ రోజు డ్యూటీ చిన్నోడిది కాదు. వాడికి సెలవు. ఆ విమానం ఎక్కాల్సిన మనిషి వేరే ఉన్నాడు. ఆ ఒక్క రోజు అతని బదులు నువ్వెళ్ళరా అని వాడిని బతిమాలింది నేను."

"ఎవరి బదులు?"

అక్క సూదిని మళ్ళీ మెడ దగ్గర గుడ్డకి గుచ్చుకుంది.

ఆ రోజు మార్చి పదకొండు, మంగళవారం. ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకి విమానం లేచింది. అందులో నలుగురున్నారు. ముగ్గురు వాళ్ళ డ్యూటీకే వెళ్ళారు. నాలుగోవాడు మా తమ్ముడు. వయసు ఇరవై ఆరు. తిరిగి రాలేదు.